పరిశోధనకు పెద్దపీట, పాఠానికి వెనక వరుస: అమెరికా చదువు ఖరీదైన క్రమం

అమెరికాలో కళాశాల చదువు ఎందుకింత ఖరీదైందన్న చర్చ మొదలైతే చాలు, ప్రొఫెసర్లు పరిశోధనలో మునిగి పాఠాలను గాలికొదిలేస్తున్నారన్న విమర్శ కూడా వెంటే వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉన్న మాట నిజమే కానీ, అది పైకి కనిపించేంత సూటిగా లేదు.

బోధన, పరిశోధన ఒకే గురువు చేతిలో సాగాలన్న ఆశయం జర్మన్ మేధావి విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ ఆలోచనలతో 1810లో ఏర్పడిన బెర్లిన్ విశ్వవిద్యాలయానిది. 1876లో బాల్టిమోర్‌లో తలుపులు తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఆ నమూనాను అమెరికాలో నాటింది. అయినా రెండో ప్రపంచ యుద్ధం వరకు పరిశోధనకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు స్వల్పమే కనుక, కళాశాలలకు బోధనే ప్రధాన వృత్తిగా ఉండేది.

యుద్ధం ఆ లెక్కను మార్చేసింది. మౌలిక పరిశోధనకు ప్రభుత్వమే నిధులివ్వాలని, ఆ పని విశ్వవిద్యాలయాల్లో జరగాలని యుద్ధకాలపు ప్రభుత్వ పరిశోధనకు సారథ్యం వహించిన వానెవార్ బుష్ 1945లో తన నివేదికలో వాదించారు. 1950లో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక ఆ మరుసటి ఏడాదే వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాబోయే పరిశోధకులకు ఫెలోషిప్పులిచ్చిన ఆ చట్టమే విద్యార్థులకు ఫెడరల్ రుణాలకూ దారి తెరిచింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్న క్లార్క్ కెర్ 1963లోనే, అధ్యాపకుల ప్రతిభ పెరిగే కొద్దీ డిగ్రీ విద్యార్థుల బోధనపై శ్రద్ధ తగ్గుతోందని గమనించారు. దీనికి వ్యక్తుల నిర్లక్ష్యం కంటే వ్యవస్థే పెద్ద కారణమని నా అభిప్రాయం. పరిశోధనా విశ్వవిద్యాలయాల్లో ఒక యువ అధ్యాపకురాలి ఉద్యోగం శాశ్వతం కావాలంటే, అంటే టెన్యూర్ దక్కాలంటే, ఆమె ఫైల్లో ప్రధానంగా చూసేది ప్రచురించిన పత్రాలు, తెచ్చిన గ్రాంట్లు (పరిశోధన నిధులు), బయటి నిపుణుల లేఖలు. రాత్రంతా కూర్చుని తరగతి పాఠాన్ని తిరగరాసిన శ్రమను ఆ ఫైల్లో చూపడం కష్టం. బోధననూ పాండిత్యంగానే గుర్తించాలని విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లో చేసిన ప్రతిపాదనను చాలామంది మెచ్చుకున్నారు, కానీ పెద్ద విశ్వవిద్యాలయాల్లో పదోన్నతుల తూకం పెద్దగా మారలేదు.

ఇక ఖర్చు సంగతి. శ్రమే ప్రధానమైన రంగాల్లో ఖర్చు మిగతావాటికంటే వేగంగా పెరగడం సహజమని ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ 1966లో వివరించారు: నలుగురు వాయించే సంగీత కృతికి నేటికీ నలుగురు కావలసిందే, వారి జీతాలు మాత్రం మిగతా రంగాలతో పాటు పెరగక తప్పదు. కీర్తి కోసం పోటీపడే సంస్థలు దొరికినంత డబ్బు సేకరించి, సేకరించినదంతా ఖర్చు చేస్తాయని 1980లో మరో ఆర్థికవేత్త హోవార్డ్ బోవెన్ చెప్పారు. ఆ కీర్తిని కొలిచేది ఎక్కువగా పరిశోధనతోనే. అయినా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజుల పెంపుకు పరిశోధననే నిందించడం అన్యాయం. కాలిఫోర్నియా 1960 నాటి ఉన్నత విద్యా మాస్టర్ ప్లాన్‌లో రాష్ట్ర విద్యార్థులకు ట్యూషన్ (బోధన ఫీజు) ఉండరాదన్న సూత్రాన్ని నిలబెట్టింది. 1978లో ఆ రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన, ఆస్తిపన్నును కట్టడి చేసిన ‘ప్రతిపాదన 13’ అనే చట్టం రాష్ట్ర ఖజానాపై ఒత్తిడి పెంచింది. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడల్లా, ముఖ్యంగా 2008 తరువాత, రాష్ట్రాలు కోత పెట్టిన సొమ్ములో చాలా భాగాన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థుల ఫీజుల నుంచే రాబట్టుకున్నాయి. 1965 నాటి ఉన్నత విద్యా చట్టంతో విస్తరించిన రుణాలు ఆ భారాన్ని అప్పటికి మోయగలిగేలా చేసి, తరువాతి ఏళ్లకు నెట్టాయి. నేడు ఫెడరల్ విద్యార్థి రుణాల మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది.

ఈలోగా తరగతి గదిలో నిలబడే మనిషి మారిపోయాడు. అమెరికా కళాశాలల్లో దాదాపు మూడింట రెండు వంతుల అధ్యాపకులు ఇప్పుడు టెన్యూర్ వ్యవస్థకు బయటే పనిచేస్తున్నారు. వారిలో చాలామందికి కోర్సుకింత అని చెల్లిస్తారు, వచ్చే సెమిస్టరులో పని ఉంటుందన్న హామీ ఉండదు. ఫీజు ఏటా పెరుగుతున్నా, ఆ ఫీజు కట్టిన పిల్లలకు పాఠం చెప్పేవారి జీతంలో మాత్రం ఆ పెరుగుదల కనిపించడం లేదు.