ఉపాధ్యాయుల జీతం, వృత్తి విలువలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏ బడి స్టాఫ్‌రూములో కూర్చున్నా ప్లాటు, చిట్టీ, మిత్తి (వడ్డీ), పీఆర్సీ (వేతన సవరణ) అనే మాటలు వినిపిస్తాయి. జీతం మీద బతికే కుటుంబాలు జీతం గురించి మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. అయితే మనం పెట్టే పెట్టుబడి, చేసే అప్పు మనల్ని తరగతి గదిలో నిశ్చింతగా నిలబెడుతున్నాయా, లేక పాఠం మధ్యలో మన మనసును బయటికి లాగుతున్నాయా అనే ప్రశ్న మాత్రం అక్కడ అరుదుగా వస్తుంది. ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సహోద్యోగుల ఆదాయ వ్యయాల లెక్కలు చూసిపెట్టే నాకు, ఎంత రాబడి వస్తుందన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్నే ముందు అడగవలసిందని గట్టిగా అనిపిస్తుంది. నేను తరచూ వినే అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: భూమి మీద పెట్టిన రూపాయి ఎక్కడికీ పోదు కాబట్టి అప్పు చేసైనా ప్లాటు కొనాలి.

వాస్తవం: హనుమకొండ నుంచి ములుగు వైపు, కరీంనగర్ వైపు, హైదరాబాదు వైపు ఏ రోడ్డున వెళ్లినా వెంచర్ల బోర్డులు కనిపిస్తాయి. వాటిలో ప్లాట్లు కొన్నవారిలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలు ఆ లెక్కన తెచ్చి ప్లాటు కొంటే నెలకు 20,000 మిత్తికే పోతుంది, ఏడాదికి 2,40,000 అవుతుంది, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. అంటే ఆ ప్లాటు ధర ప్రతి ఏడూ దాదాపు నాలుగో వంతు పెరిగితేనే మనం నష్టం లేకుండా బయటపడతాము. ధర పెరిగిందని చెప్పేవారు ఆ ధరకు కొనే మనిషి మనకు అవసరమైన నెలలోనే దొరుకుతాడా అన్నది చెప్పరు. బిడ్డ ఫీజు కట్టవలసిన రోజున గజాల లెక్క అక్కరకు రాదు.

సొంత ఇంటి కోసం, తీర్చగలిగిన బ్యాంకు రుణంతో కొనే స్థలం వేరే విషయం. దాన్ని నేను ఎప్పుడూ వద్దనను. అప్పుడు కూడా బయానా ఇచ్చే ముందే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ లేఅవుట్ అనుమతి ఉన్నదా, 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందా, ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రంలో) పాత లావాదేవీలు ఏమున్నాయి అన్నవి చూడాలి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది కాబట్టి స్థిరాస్తి కొనుగోళ్లను శాఖకు తెలియజేయడం కూడా మన బాధ్యతే. అదే నియమావళి మనం వ్యాపారం చేయడాన్ని నిషేధిస్తుంది. ప్లాట్లు అమ్మిపెట్టే మధ్యవర్తిగా మారిన ఉపాధ్యాయుడు నియమాన్ని అతిక్రమించడమే కాక, ప్రతి ఫోను పిలుపుతో పిల్లల పీరియడులో కొంత భాగాన్ని కూడా అమ్మేస్తున్నాడని నా అభిప్రాయం.

అపోహ: షూరిటీ సంతకం పెట్టడం ఖర్చు లేని సాయం.

వాస్తవం: మన ప్రాంతంలో ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతపు ధ్రువపత్రానికి ఉన్నంత గిరాకీ మరి దేనికీ లేదు. వేలం పాట పాడి చిట్టీ ఎత్తుకున్న సభ్యుడు మిగిలిన వాయిదాలకు పూచీ చూపించాలి, ఆ పూచీకి అందరూ వెతికేది మనలాంటివారినే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జమానతుదారుడి (పూచీ పడినవాడి) బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతని ఆస్తి అమ్మి, అది చాలకపోతేనే మన దగ్గరకు వస్తారన్న నమ్మకానికి ఆధారం లేదు. మొదటి నోటీసు మనకే రావచ్చు. కోర్టు డిక్రీ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగతా దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే జప్తు నుంచి రక్షణ పొందుతాయి. తక్కిన మూడో వంతు నెలనెలా పోతుంటే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

కాదంటే స్నేహం చెడుతుందని భయపడి సంతకం పెట్టేవారే ఎక్కువ. తోటివారికి అండగా నిలవడం మనం నిజంగా పాటించే విలువే అయితే, తిరిగి రాకపోయినా మన ఇంటి బియ్యం ఆగని మొత్తాన్ని చేతికి ఇవ్వడం మేలు. ఎంత పోతుందో తెలిసిన సాయం స్నేహాన్ని నిలబెడుతుంది, సంతకం పెట్టినవారు మాత్రం తమకు తెలియని మొత్తానికి, తెలియని కాలానికి కట్టుబడిపోతారు. చిట్టీలో సభ్యులుగా చేరేవారు కూడా అది 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్ట్రారు వద్ద నమోదైందో లేదో చూసుకోవాలి. నోటిమాట చిట్టీలో డబ్బు ఆగితే అడగడానికి సరైన కాగితమే ఉండదు.

అపోహ: మిగిలిన డబ్బును మిత్తికి ఇవ్వడం అందరూ చేసేదే.

వాస్తవం: లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం తెలంగాణలో నిజాం కాలం నాటి 1349 ఫసలీ (అప్పటి సంవత్సరాల లెక్క) చట్టం నుంచే నిషిద్ధం, ప్రవర్తనా నియమావళి కూడా దాన్ని ఒప్పుకోదు. చట్టం మాట అటుంచినా, మనకు మిత్తి బాకీ ఉన్న తండ్రి తన పిల్లవాడి చదువు గురించి మనతో నిర్భయంగా ఎలా మాట్లాడగలడు? ఈ ఒక్క కారణం చాలు, బడి ఉన్న ఊళ్లో ఉపాధ్యాయుడు మిత్తికి ఇవ్వకూడదని చెప్పడానికి.

అపోహ: సర్కారు కొలువు ఉన్నది కాబట్టి ముసలితనం గురించి బెంగ అక్కరలేదు.

వాస్తవం: 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి, 2024 డీఎస్సీ (ఉపాధ్యాయ నియామకాల) ద్వారా ఎంపికైన యువ ఉపాధ్యాయులతో సహా, వర్తించేది సీపీఎస్, అంటే వాటాలు జమచేసే పింఛను పథకం. మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తంలో మన వాటా 10 శాతం, ప్రభుత్వ వాటా 10 శాతం జమ అవుతాయి. పదవీ విరమణ నాడు నిధిలో 60 శాతం వరకు చేతికి తీసుకుని, కనీసం 40 శాతంతో నెలవారీ పింఛను కొనుక్కోవాలి. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతంలో సగం పింఛనుగా వచ్చేది. సీపీఎస్‌లో అంత వస్తుందన్న హామీ లేదు. పాత పింఛను కోసం సంఘాలు చేస్తున్న పోరాటం న్యాయమైనదే, నేనూ అందులో ఉన్నాను. అయినా ఆ పోరాటం గెలిచే వరకు మన లెక్క మనం వేసుకోక తప్పదు. ఉదాహరణకు ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో ప్రతి ఏప్రిల్ మొదటి వారంలో 60,000 చొప్పున 15 ఏళ్లు వేస్తే, వడ్డీ 7.1 శాతంగానే కొనసాగితే, 9 లక్షలు సుమారు 16 లక్షలవుతాయి. ఇది పెద్ద రాబడి కాదు, కానీ దీని కోసం ఒక్క పీరియడు కూడా వదులుకోవలసిన పని లేదు. అందుకే దీన్ని నేను ముందు చెప్తాను. రావలసిన డీఏ బకాయిలను, పీఆర్సీ పెంపును నమ్ముకుని ఇప్పుడే వాయిదాలు ఒప్పుకోవడం మాత్రం ప్రమాదకరం.

అపోహ: ఫిబ్రవరిలో ఏదో ఒక పాలసీ తీసుకుంటే పన్ను తగ్గుతుంది.

వాస్తవం: 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానంలో జీతం 12,75,000 దాటకపోతే పన్నే పడదు, ఆ విధానంలో బీమా ప్రీమియానికి మినహాయింపూ లేదు. రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా ఎలాగూ జీతంలో కోతపడుతూనే ఉంటుంది. ఇంకా రక్షణ కావాలంటే మరణిస్తేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే టర్మ్ పాలసీ చాలు.

అపోహ: ఆడపిల్ల పేరిట పొదుపు అంటే పెండ్లి ఖర్చే.

వాస్తవం: వరకట్నం నేరమని పిల్లలకు పాఠం చెప్పే మనమే, ఇంటికి వచ్చి బిడ్డ కట్నం కోసం ప్లాటు పక్కన పెడుతున్నాము. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. జీతం, విలువలు ఇంత బాహాటంగా తలపడే చోటు మరొకటి లేదనుకుంటాను. సుకన్య సమృద్ధి ఖాతాను పదేళ్లలోపు పాప పేరిట తెరవవచ్చు. పాపకు 18 ఏళ్లు నిండాక, లేదా పదో తరగతి పూర్తయ్యాక, నిల్వలో సగం వరకు చదువుకు తీసుకోవచ్చు. ఖాతా తెరిచే రోజునే ఇది చదువు డబ్బు అని భార్యాభర్తలు మాట్లాడుకుని, తాత నాయనమ్మలకూ చెప్పేస్తే, తర్వాత బంధువుల ఒత్తిడికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

అపోహ: ప్రైవేటు బడి జీతానికి ప్రణాళిక ఎందుకు?

వాస్తవం: తక్కువ జీతానికే లెక్క ఎక్కువ అవసరం. 20 మంది, అంతకు మించి పనిచేసే బడికి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) చట్టం వర్తిస్తుంది, ఆ కోతను అడిగి పెట్టించుకోవడం మన హక్కు. బడి మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకునేవారు నెలవారీ పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసును పోగొట్టుకుంటున్నారు. తీయకుండా పాత ఖాతాను యూఏఎన్ (బడి మారినా మారని పీఎఫ్ నంబరు) ద్వారా కొత్త బడికి బదిలీ చేయించుకోవాలి. వేసవిలో జీతం ఆపే బడులు ఉన్నాయి కాబట్టి రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

అపోహ: దానం, పండుగ, జాతర ఖర్చులు మిగిలినప్పుడే చూసుకోవాలి.

వాస్తవం: మిగిలినప్పుడు అనుకున్నవి ఎన్నటికీ మిగలవు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం, ఏటా వచ్చే బతుకమ్మ, దసరా మనకు ముందే తెలిసిన ఖర్చులు, మన మనుషులతో మనల్ని కలిపే ఖర్చులు. వాటికి నెలనెలా కొంత తీసి ఉంచితే అప్పు చేయకుండానే చేసుకోవచ్చు. పిల్లల కోసం ఇచ్చేదీ అలాగే. కళ్లజోడు లేక బోర్డు కనిపించని పిల్లవాడు, చెప్పులు లేక వానలో తడిసి వచ్చే పిల్ల ప్రతి బడిలోనూ ఉంటారు. జీతం పడిన రోజే చిన్న మొత్తాన్ని వేరుగా పెట్టుకున్న ఉపాధ్యాయుడు వాళ్లను చూసిన వారంలోనే కదలగలడు. ఇచ్చేటప్పుడు తరగతి ముందు పిలిచి ఇవ్వకుండా, ఫొటో తీయకుండా, ప్రధానోపాధ్యాయుల ద్వారా తల్లి చేతికి అందేలా చూడాలి.