చర్చి శిఖరానికి వేరే కొలత ఎందుకు?

అమెరికాలో కొత్త చర్చి ప్లాన్ బయటికొచ్చినప్పుడు, "మా ఇళ్లకు 35 అడుగులు దాటకూడదన్నారు, వాళ్ల శిఖరానికి 120 ఎలా ఇస్తారు?" అని చుట్టుపక్కలవాళ్లు అడగడం మామూలే. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఇందులో రెండు రకాల రూల్స్ కలిసిపోతున్నాయి. బిల్డింగ్ కోడ్ చూసేది నిప్పు, కట్టడం బలం. ఏ వీధిలో ఏది, ఎంత ఎత్తున కట్టొచ్చో చెప్పే జోనింగ్ చూసేది ఊరి రూపురేఖలు. శిఖరానికి రెండిట్లోనూ మినహాయింపు ఉండొచ్చు, కానీ కారణాలు వేరు.

1846లో న్యూయార్క్ ట్రినిటీ చర్చి శిఖరం 281 అడుగులకు లేచినప్పుడు ఎత్తుకు హద్దు పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ లేదు. మెట్లెక్కి పోవాల్సిన రోజుల్లో అంతంత ఎత్తున ఎవరు కాపురం పెడతారు? లిఫ్టులు, ఉక్కు ఫ్రేములు వచ్చాక కథ మారింది. 1890లో ఓ వార్తాపత్రిక ఆఫీసు భవనం ట్రినిటీని దాటేసింది.

అసలు మలుపు వాషింగ్టన్‌లో వచ్చింది. 1894లో అక్కడ ఇళ్ల మధ్య 164 అడుగుల కైరో అపార్ట్‌మెంట్ లేచింది. అంత ఎత్తున మంటలంటుకుంటే ఫైర్ ఇంజన్ నిచ్చెన అందదని జనం హడలిపోయారు. నగర పాలకులు వెంటనే హద్దులు పెట్టారు, 1899లో, మళ్లీ 1910లో అమెరికా పార్లమెంటు కాంగ్రెస్ చట్టాలు చేసింది. 1910 చట్టంలో ఒక వాక్యం చదివి తీరాలి. శిఖరాలు, గుమ్మటాలు, మినార్లు, లిఫ్టు గదులు, పొగగొట్టాలు, మంటలార్పే నీళ్ల ట్యాంకులు అన్నిటినీ ఒకే వరసలో పెట్టి, అధికారులు ఒప్పుకుంటే హద్దు దాటొచ్చంది. షరతులు రెండు: హద్దు పైన ఉన్న భాగం నిప్పంటుకోనిదై ఉండాలి, అందులో మనుషులు మసిలే అంతస్తు గానీ గది గానీ ఉండకూడదు. పొగగొట్టం పక్కన శిఖరాన్ని నిలబెట్టిన ఆ జాబితాలో భక్తి ఏమీ లేదు, నాకు నచ్చిందీ అదే.

అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే నేటి ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనూ అదే తర్కం కనిపిస్తుంది. దాని తొలి ముద్రణ 2000లో వచ్చింది. అందులో భవనం ఎత్తంటే నేల మట్టం నుంచి అన్నిటికన్నా పైనున్న కప్పు సగటు ఎత్తు వరకే. ఆ కప్పు మీది శిఖరం మండని సామాన్లతో కడితే ఎత్తుకు హద్దు లేదు. కలపలాంటివి వాడితే మాత్రం భవనానికి అనుమతించిన ఎత్తు మీద 20 అడుగులే. ఎలా కట్టినా అందులో కాపురం ఉండకూడదు, సామాను దాచకూడదు. ఈమధ్య చాలా శిఖరాల్లో సెల్‌ఫోన్ యాంటెన్నాలు దాక్కుంటున్నాయనుకోండి, అది వేరే కథ.

కోర్టుకెక్కే గొడవలు ఎక్కువగా జోనింగ్ మీదే. మసాచుసెట్స్‌లోని బెల్మాంట్‌లో మోర్మన్ చర్చి (అమెరికాలో పుట్టిన ఓ క్రైస్తవ శాఖ) వాళ్ల టెంపుల్ 2000లో శిఖరం లేకుండానే తెరుచుకుంది. 56 అడుగుల భవనం మీద 83 అడుగుల శిఖరం పెడతామంటే పొరుగువాళ్లు దావా వేశారు. ఆ మతాచారానికి శిఖరం తప్పనిసరేమీ కాదని కింది కోర్టు అడ్డు చెప్పింది. ఏ మతానికి ఏ కట్టడం అవసరమో తేల్చడం జడ్జీల పని కాదని 2001లో రాష్ట్ర అత్యున్నత కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. అదే ఏడాది శిఖరం లేచింది. మత సంస్థల కట్టడాలకు రక్షణగా 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం కూడా ఇలాంటి కేసుల్లో చర్చిల చేతికి అందివచ్చింది.

అప్పటి నుంచి చాలా ఊళ్లు కోర్టు ఖర్చులకు జంకి బేరానికి దిగుతున్నాయి. టెక్సాస్‌లోని ఫెయిర్‌వ్యూలో అదే మోర్మన్ చర్చి తన టెంపుల్ శిఖరానికి మొదట అడిగింది దాదాపు 174 అడుగులు. చివరికి 120 దగ్గర రాజీ కుదిరింది.