సొర, టేకు, మలుగు: చేపల వర్గీకరణపై అపోహలు - వాస్తవాలు

ఇంటర్ జువాలజీ పుస్తకంలో చేపలు మూడు రకాలు: దవడలు లేనివి, మృదులాస్థి చేపలు (ఎముక బదులు మన చెవి డిప్పలో ఉండే లాంటి మెత్తటి పదార్థంతో అస్థిపంజరం ఉండేవి), అస్థి చేపలు (ఎముకలున్నవి). పరీక్షకు అది సరిపోతుంది. రేవులో బుట్ట ముందు కూర్చుని ఏది ఏ గుంపుదో రాసుకోవాల్సి వచ్చినప్పుడే అసలు తికమకలు మొదలవుతాయి.

అపోహ: ఆకారం చూస్తే ఏ గుంపుదో తెలిసిపోతుంది.

ఆకారాన్ని నమ్ముకున్నవాళ్లే ఎక్కువగా పొరపడతారు. ముందు చూడాల్సింది మొప్పల దారి. తలకు రెండు పక్కలా ఒక్కో గట్టి మూత ఉండి, దాన్ని ఎత్తితే ఎర్రటి మొప్పలు కనిపిస్తే అది అస్థి చేప. మూత లేకుండా విడివిడిగా 5 చీలికలుంటే మృదులాస్థి చేప. కొన్ని సొరల్లో 6 లేదా 7 కూడా ఉంటాయి. చీలికల బదులు గుండ్రటి రంధ్రాలు వరసగా ఉండి, నోటికి దవడ లేకపోతే అది మొదటి గుంపు. పాములా పొడవుగా ఉండే లాంప్రే, హాగ్‌ఫిష్ ఈ గుంపువే. లాంప్రేకి ఒక్కో పక్క 7 రంధ్రాలు. హాగ్‌ఫిష్‌లో జాతిని బట్టి ఒకటి నుంచి 16 దాకా ఉంటాయి.

సొరా (షార్క్), టేకూ (బల్లపరుపుగా ఉండే రే చేప) రెండూ మృదులాస్థి గుంపే కాబట్టి వాటి మధ్య తేడా పట్టడానికి ఇంకో మెట్టు ఉంది. చేపను వెల్లకిలా తిప్పండి. చీలికలు పొట్టవైపు ఉంటే టేకు జాతి, తల పక్కన ఉంటే సొర. గిటార్‌ఫిష్ వెనక నుంచి చూస్తే అచ్చం సొరే. తిప్పగానే చీలికలు కిందవైపు కనిపిస్తాయి. మూతికి రంపం ఉన్న చేప కూడా అంతే. చాలామంది దాన్ని సొరల్లో వేస్తారు కానీ మన సముద్రంలో దొరికే రంపపు చేప టేకులకు చుట్టం. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉంది. రంపం వలలో చిక్కుకుంటే వల కోసి వదిలేయాల్సిందే. తిమింగల సొరకూ ఇదే నియమం. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగల సొరను అందుకే తిరిగి సముద్రంలోకి పంపారు.

అపోహ: లాంప్రే, హాగ్‌ఫిష్ అంటే మలుగుపాము లాంటివే.

మలుగు అసలు సిసలైన అస్థి చేప. దానికి దవడలున్నాయి, పళ్లున్నాయి, మొప్ప ద్వారం వెనకే జత వాజాలు (ఈత రెక్కలు) ఉన్నాయి. లాంప్రే, హాగ్‌ఫిష్‌లకు దవడా లేదు, జత వాజాలూ లేవు, పొలుసులూ లేవు. అయినా బజారులో 'ఈల్ తోలు' పేరుతో అమ్మే పర్సుల్లో చాలావరకు హాగ్‌ఫిష్ చర్మమే! బతికున్న హాగ్‌ఫిష్‌ను కదిలిస్తే వదిలే జిగురు సంగతి వేరే చెప్పాలి. 2017లో అమెరికాలోని ఓరెగన్‌లో 3,400 కిలోల హాగ్‌ఫిష్‌తో వెళ్తున్న లారీ నుంచి చేపలు రోడ్డున పడితే, జిగురు వదిలించడానికి బుల్డోజర్ తేవాల్సి వచ్చింది.

లాంప్రేలన్నీ రక్తం పీలుస్తాయన్నది కూడా నిజం కాదు. కొన్ని జాతులు పెద్దయ్యాక అసలు ఏమీ తినవు; గుడ్లు పెట్టి చనిపోతాయి. వాటి పిల్లలు ఏళ్ల తరబడి వాగు బురదలో దాక్కుని నీటిని వడకట్టుకుని బతుకుతాయి.

అపోహ: సొర ఈత ఆపితే చచ్చిపోతుంది.

కొన్నింటికి నిజమే. నర్స్ సొర, వెదురు సొర అడుగున పడుకుని నోటితో నీరు పంపు చేసుకుంటూ హాయిగా ఊపిరి తీసుకుంటాయి.

అపోహ: చేపలన్నీ గుడ్లు పెడతాయి.

ల్యాబ్‌లో కోసే స్కోలియోడాన్ అనే చిన్న సొరనే తీసుకోండి. దాని గుడ్డు ఒక మిల్లీమీటరు సైజు, అందులో సొన దాదాపు ఉండదు. పిల్ల తల్లి గర్భంలో మాయ ద్వారా పోషణ పొంది, సుమారు 12-15 సెంటీమీటర్లయ్యాక పుడుతుంది. మన టేకులు కూడా పిల్లల్నే కంటాయి. గట్టి తొడుగులో గుడ్లు పెట్టే సొరలు వేరే ఉన్నాయి. సొరల్లో, టేకుల్లో ఏదైనా ఫలదీకరణ లోపలే. మగదాన్ని పట్టడం తేలిక: పొట్ట కింద వాజాల లోపలి అంచున కడ్డీల్లాంటివి రెండుంటాయి.

అపోహ: 'చేప' అంటే ఒకే వంశం.

1938లో దక్షిణాఫ్రికాలో దొరికిన సీలకాంత్ అనే చేప దీనికి జవాబు. కండతో, లోపల ఎముకతో ఉన్న దాని వాజాలు చూడండి. వంశవృక్షంలో అది శీలావతి కంటే మనకే దగ్గర.

అపోహ: కొర్రమీనుకు ముళ్లుండవు.

వెన్నెముక ఉంది, పక్కటెముకలూ ఉన్నాయి. లేనివల్లా శీలావతి, బొచ్చె, పులసల్లో కండ మధ్య విడిగా గుచ్చుకునే సన్న ముళ్లు. శీలావతి తోకవైపు ముక్కలకు 2-3 మిల్లీమీటర్ల ఎడంతో గాట్లు పెట్టి వేయిస్తే ఆ ముళ్లు కరకరలాడి విరిగిపోతాయి. అన్నట్టు ఇలస, పులస వేర్వేరు చేపలు కావు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదావరికి ఎదురీదాక పులస.

అపోహ: సొర వాసన వస్తే కుళ్లిందన్నట్టే.

సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి సొర తన కండలోనే యూరియా దాచుకుంటుంది. చచ్చాక బ్యాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. పట్టిన వెంటనే రక్తం కార్చి, చర్మం తీసి, ఐసులో పెట్టకపోతే తాజా సొరకూ ఘాటు వస్తుంది. కొద్దిపాటి ఘాటైతే ముక్కలను చల్లటి ఉప్పునీటిలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ కడిగితే తగ్గుతుంది. ముక్క మెత్తబడి జిగురు వస్తుంటే మాత్రం కడిగి లాభం లేదు.

అపోహ: మృదులాస్థి అంటే ఎముక ఇంకా పుట్టని పాతకాలపు సరుకు.

మంగోలియాలో దొరికిన సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి మిన్‌జినియా అనే చేప శిలాజంలో లోపలి ఎముక ఉన్నట్టు 2020లో బయటపడింది. అంటే సొరల పూర్వీకులకు ఎముక ఉండి ఉండొచ్చు, తర్వాత పోయి ఉండొచ్చు. స్టర్జన్ అస్థిపంజరం కూడా చాలావరకు మృదులాస్థే. అయినా మొప్పలకు మూత ఉంది కాబట్టి అది అస్థి చేప.

సొర మృదులాస్థి మీద సున్నపు పలకలు పేరుకుని పెంకులా గట్టిగా ఉంటుంది. అలాగని సొర దవడను దాచుకోవడానికి శుభ్రం చేస్తూ ఎముకలా మరిగించారో, అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ కరిగి దవడ వంకరపోతుంది. వేడినీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి, వదులైన కండను గీకి, మళ్లీ ముంచాలి. శుభ్రమయ్యాక నోరు తెరిచి చెక్క మీద గుండుసూదులతో బిగించి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఒక పక్క ముందు ఆరి, దవడ మెలి తిరిగిపోతుంది.