ఉప్పలపాడు చెరువు గట్టున ఎండ పాఠం

జంతువుల అనుకూలనాల (అవి ఉండేచోట బతకడానికి పనికొచ్చే లక్షణాల) పాఠం వచ్చిందంటే బడులు జూకు బస్సు మాట్లాడతాయి. గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోనే స్వేచ్ఛగా గూళ్లు కడతాయి. నాలుగు, ఐదు తరగతులకు మేమైతే దీన్నే ఎంచుకోమంటాం.

చేపల వేట చూపిద్దామని వెళితే మాత్రం పిల్లలు నిరాశపడతారు. ఈ పక్షులు మేతకు వేరే చెరువులకూ పొలాలకూ పోతాయి. ఇక్కడికి వచ్చేది గూటికి, నిద్రకు. అందుకే ముక్కుతో ఎలా వేటాడతాయన్న సంగతి ముందురోజు తరగతిలోనే తేల్చాలి. బేసిన్‌లో బురదనీళ్లు పోసి పది బంగాళదుంప ముక్కలు వేయండి. పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి, చపాతీలు తిప్పే పట్టకారు ఇవ్వండి. దాన్ని కొద్దిగా తెరిచి నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ, ముక్క తగలగానే మూయాలి. ఎర్రకాళ్ల కొంగ వేటాడేదీ ఇలాగే, చూపుకన్నా స్పర్శను నమ్ముకుని.

చెరువు దగ్గర చూడాల్సింది ఎండను తట్టుకునే తీరు. ఫిబ్రవరి చివర్లో ఎనిమిదింటికి చేరి పదిన్నర దాకా ఉండండి. చల్లపొద్దునే తిరిగొచ్చేస్తే అసలు సంగతి కనబడదు. ఎండెక్కాక పెలికాన్ నోరు తెరిచి గొంతు సంచిని గబగబా ఆడిస్తుంది. లోపలి తడి ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. పక్షులకు చెమట పట్టదు మరి. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందన్న మాట తప్పు. చేపతోపాటు వచ్చిన నీళ్లు వంపేసి వెంటనే మింగేస్తుంది.

ఎర్రకాళ్ల కొంగకు కాళ్లు తెల్లగా ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. అది రెట్ట. కాళ్ల మీదే వేసుకుంటుంది, ఆ తడి ఆరుతుంటే కాళ్లలో పారే రక్తం చల్లబడుతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు, నవ్వనివ్వండి, ఇక జన్మలో మరిచిపోరు. గూటిలో రెక్కలు చాచి నిలబడ్డ కొంగనూ చూపించండి. అలా దాని కూనలకు నీడ పడుతోంది.

ఎనిమిదిమందికి ఒక టీచరు, ఒక 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్ చాలు. ముందు కళ్లతో పక్షిని చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్ ఎత్తమనాలి. లేకపోతే ఆకాశమే కనిపిస్తుంది. అరుపులకు బెదిరి పెద్దపక్షులు లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి.

టీచర్లు తరచుగా పొరబడేది ఒక్కచోట. వేడి తట్టుకోవడానికి పెలికాన్ సంచి పెంచుకుందని చెబుతారు. ఏ పక్షీ కావాలని ఏదీ పెంచుకోదు. ఒకే జాతిలో పుట్టుకతోనే చిన్నచిన్న తేడాలుంటాయి. పనికొచ్చే తేడా ఉన్నవి ఎక్కువ పిల్లల్ని బతికించుకుంటాయి, ఆ లక్షణం ఆ పిల్లలకు సంక్రమిస్తుంది. ఇలా వేల తరాలు గడవాలి. ఐదో తరగతి పిల్లలకు ఇది అర్థమవుతుంది, తేలిక చేయబోయి తప్పు నేర్పకండి.