మన జిల్లాల్లో చలికాలం పెరటి పనులు: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్ల చుట్టూ తోటలు వేయడం, వాకిళ్లు, పెరళ్లు, డాబా మీద కూర్చునే చోట్లు బాగుచేయడం నా వృత్తి. కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి నాకు ఫోన్లు తగ్గిపోతాయి. సంక్రాంతి దగ్గరపడగానే "పండక్కి అల్లుడుగారు వస్తున్నారు, వాకిలి నిండా పూలు ఉండాలి" అంటూ మళ్లీ మొదలవుతాయి. ఆ మధ్యన ఊరికే పోయే రోజులే మన మట్టిలో పని చేయడానికి ఏడాది మొత్తంలో మంచి రోజులు. మంచు గడ్డకట్టే ప్రాంతాలవాళ్లు తమ తోటల కోసం చెప్పిన జాగ్రత్తలను వీడియోల్లో చూసి బొబ్బిలిలో, నరసన్నపేటలో పాటించడం వల్లే ఈ రోజులు పోతున్నాయి. నాకు తరచూ వినిపించే మాటలు, వాటి వెనకున్న నిజం ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చలికాలంలో మొక్కలు నిద్రపోతాయి, వాటిని కదపకూడదు.

మంచు కురిసి నేల గడ్డకట్టే చోట ఇది నిజం. మన మైదానంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా చాలా రోజులు 15 డిగ్రీల పైనే ఉంటుంది. సీతంపేట వైపు కొండల మీద ఇంకాస్త తగ్గుతుంది, అంతే. నేల లోపలి వెచ్చదనం పోదు, వేరు పని చేస్తూనే ఉంటుంది. పైన ఎండ తీవ్రత లేదు కాబట్టి ఆకు మీద భారం తక్కువ. ఇప్పుడు నాటిన మందారం, నందివర్ధనం, పొగడ, సంపెంగ నాలుగు నెలలపాటు వేరు దించుకుని ఏప్రిల్ ఎండలకు నిలబడతాయి. మార్చి చివర్లో నాటిన మొక్కకు రోజూ రెండు పూటలా నీళ్లు పోసినా ఆ బలం రాదు.

ఒక్కటి చూసుకోవాలి. మనకు తుపాన్లు నవంబరులోనూ, అప్పుడప్పుడు డిసెంబరు మొదట్లోనూ వస్తాయి. పెద్ద మొక్కలు నాటితే ఊతకర్ర తప్పనిసరి. తాడు బిగించి కట్టొద్దు. గాలికి కాండం కాస్త ఊగుతుంటేనే బలం పుంజుకుంటుంది.

అపోహ: తుపానుకి పడకుండా ఉండాలంటే చెట్టు తల నరికేయాలి.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసిన వాళ్లం మనం. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరగడం కళ్లారా చూశాక ఇంటి పక్కన చెట్టంటే భయం ఉండడం సహజం. ఆ భయంతోనే చలికాలంలో కూలీలను పిలిపించి వేపనో, కానుగనో మొండెం మిగిల్చి నరికించేస్తున్నారు.

నరికిన చోట ఏం జరుగుతుందో దగ్గరికెళ్లి చూడండి. రెండు మూడు నెలల్లో కోత అంచు చుట్టూ గుత్తిగా కొత్త కొమ్మలు లేస్తాయి. అవి మానులోంచి పుట్టినవి కావు, బెరడు కిందనుంచి వచ్చి అతుక్కుని ఉంటాయి. వేగంగా పెరుగుతాయి, బరువెక్కుతాయి. ఈలోగా కోసిన మధ్యభాగంలోకి వాన నీరు దిగి పుచ్చు మొదలవుతుంది. రెండు మూడేళ్ల తర్వాత వచ్చే గాలికి మొదట విరిగేవి ఆ కొమ్మలే.

చేయాల్సింది వేరు. తల ఉంచి లోపలి గుబురు పలచన చేయాలి. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండినవి, ఇంటి కప్పు మీదకు వాలినవి తీసేయాలి. కొమ్మ కోసేటప్పుడు దాని మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను వదిలి, సరిగ్గా దాని బయట కోయాలి. ఆ మెడే గాయాన్ని పూడ్చుకుంటుంది. ముందు అడుగు భాగాన చిన్న గంటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీరుకుపోదు. దీనికి వానల్లేని ఈ రోజులు బాగా అనువు.

ఇంకో మాట. కాంపౌండు గోడకో, డ్రైనేజీ పైపుకో పునాది తీస్తూ ఒకవైపు వేళ్లన్నీ తెగ్గొట్టేస్తారు. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. గాలి వచ్చినప్పుడు తెగిన వైపు పట్టు ఉండదు. గోడ గీత నాలుగడుగులు జరపగలిగితే జరపండి, లేదా ఆ చోట గోడను పిల్లర్ల మీద బీమ్ వేసి లేపండి.

అపోహ: ఉత్తరం, తూర్పు ఖాళీ ఎక్కువ కాబట్టి పూలతోట అక్కడే.

వాస్తు ప్రకారం మన ఇళ్లకు ఉత్తరం వైపు స్థలం ఎక్కువ వదులుతారు. చోటుంది కదా అని చలికాలపు పూలన్నీ అక్కడే పెడతారు. బంతి సన్నగా సాగి వాలిపోతుంది, గులాబీ ఆకుల మీద బూడిద తెగులు, పెటునియా పూయదు. నర్సరీవాడు మోసం చేశాడంటారు.

కారణం పైన ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. మన అక్షాంశంలో డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే 20 అడుగుల డాబా ఇంటి నీడ, పన్నెండు గంటలప్పుడు ఉత్తరం వైపు సుమారు 18 అడుగులు పడుతుంది. ఉత్తరంలో పదడుగులు వదిలిన ఇంటికి ఆ జాగా మొత్తం నీడే. మే, జూన్, జులై నెలల్లో దీనికి తలకిందులు. అప్పుడు సూర్యుడు నడినెత్తిన, ఇంకా చెప్పాలంటే కొంచెం ఉత్తరంగా ఉంటాడు, అదే స్థలం మండిపోతుంది.

కాబట్టి తోట గీసేముందు సుద్దముక్కతో నేల మీద నీడ అంచు గుర్తు పెట్టుకోండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నానికి, మూడింటికి. అయిదారు గంటల ఎండ పడే చోటే బంతి, చామంతి, గులాబీ, డయాంథస్ పెట్టాలి. అది తూర్పు కావచ్చు, దక్షిణం కావచ్చు, చాలా ఇళ్లలో డాబాయే. ఉత్తరం వైపు మనీప్లాంట్, ఫెర్న్, అగ్లోనిమా వంటివి పెట్టుకుంటే అందంగా ఉంటుంది. వేసవికి వాటి మీద గ్రీన్ నెట్ వేయాలి. కూర్చునే అరుగు కూడా ఇదే లెక్క. చలికాలం పొద్దున టీ తాగుతూ పేపరు చదవడానికి ఆగ్నేయం మూల హాయి, సాయంత్రానికి పడమటి గోడ వెచ్చగా ఉంటుంది.

అపోహ: లైట్లు పెడితే తోటకు అందమే కానీ నష్టం ఏముంది.

చామంతి పెంచేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ కడుతుంది. రాత్రి పొడుగైతేనే పూత. డిసెంబరులో మనకు రాత్రి దాదాపు 13 గంటలు, అందుకే అది ఈ కాలపు పువ్వు. గేటు మీద ఎల్‌ఈడీ దీపమో, వీధి దీపమో ఆ కుండీల మీద పడుతుంటే మొక్కకు అది ఇంకా పగలే. ఆకు వేస్తూ పోతుంది, మొగ్గ రాదు. పాలీహౌస్‌లలో చామంతి పండించేవాళ్లు పూత వాయిదా వేయాలనుకుంటే రాత్రి బల్బులు వెలిగించేది ఇందుకే.

ఒక వీధిలో వరసగా రెండు ఇళ్లు, ఒకే నర్సరీ, ఒకే రోజు తెచ్చిన చామంతి. ఒకరింట విరగబూసింది, పక్కింట గుప్పెడు మొగ్గలు కూడా లేవు. పక్కింటి కుండీలను దగ్గరగా చూస్తే వీధి దీపానికి ఎదురుగా ఉన్న సగం ఆకు మాత్రమే, గోడ నీడలో ఉన్న రెండు కొమ్మలకు మొగ్గలు. పది గంటలకు లైటు ఆపేస్తున్నామంటే కూడా సరిపోదు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా వెలుగంటే పగటిని నాలుగు గంటలు పొడిగించినట్టే. మొగ్గ కట్టి రంగు తేలేదాకా కుండీలను చీకటి పక్కన ఉంచి, ఆ తర్వాత వాకిట్లోకి తెచ్చుకోండి. క్రిస్మస్‌కు కొనే పాయిన్‌సెట్టియాకీ ఇదే పద్ధతి.

అపోహ: చలికి నీళ్లు అక్కర్లేదు.

వానలు పోయాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు చినుకు దాదాపు ఉండదు. గాలి పొడిగా ఉంటుంది. పైన మంచు పడి తడిగా కనిపించినా రెండంగుళాల లోపల ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. వేలు దూర్చి చూసి, లోపల పొడిగా తగిలితేనే, తగిలిన రోజే, పొద్దున్నే నిండుగా పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా ఆరక తెగుళ్లు పడతాయి. కళింగపట్నం, బారువ వైపు ఇసుక నేలల్లో ఇంకా తరచుగా పోయాలి, గత్తం (పశువుల ఎరువు) ఎక్కువ కలపాలి. ఆ ఉప్పుగాలికి గన్నేరు, కాగితంపూలు, పొగడ బాగా తట్టుకుంటాయి.

మామిడి మాత్రం దీనికి పూర్తిగా మినహాయింపు. సువర్ణరేఖ, బంగినపల్లి పెరట్లో ఉంటే నవంబరు నుంచి పూత వచ్చేదాకా కాపు పట్టిన చెట్టుకు నీళ్లు ఆపేయాలి. ఆ ఎద్దడిలోనే పూమొగ్గ తయారవుతుంది. చెట్టు కింద లాన్ వేసి రోజూ స్ప్రింక్లర్ తిప్పితే చిగురు వస్తుంది, పూత రాదు. "అంత పెద్ద చెట్టు, ఏటా నాలుగు కాయలేనా బాబూ?" అని అడిగే పెద్దమ్మలకు నేను ముందు చూపించేది ఆ పైపునే. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టాలి.

అపోహ: పండగ వారం పూలతో ఉన్న మొక్క కొని దించేస్తే చాలు.

కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు అందంగా ఉంటాయి, కాదనను. వాటి వేళ్ల చుట్టూ ఉండే బంకమట్టి ఉండను ఒకసారి గోటితో గీరి చూడండి. ప్రయాణంలో ఎండి ఇటుకలా ఉంటుంది. అలాగే గుంతలో పెట్టి నీళ్లు పోస్తే నీరు ఉండ పక్కనుంచి జారిపోతుంది, లోపలి వేరు పొడిగానే చస్తుంది. కవరు తీయకుండానే బక్కెట్లో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత కవరు కోసి, ఉండ బయటి అంచును వేళ్లతో వదులు చేసి, మీ మట్టి, గత్తం, పిడికెడు వేపపిండి కలిపిన గుంతలో నాటండి.

పండగనాటికి నిండుగా ఉండాలంటే బంతి నారు నవంబరు చివరి వారంలో పడాలి. గులాబీని అక్టోబరు, నవంబరుల్లో కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూస్తుంది. జనవరి పదో తారీఖున కత్తెర పడితే సంక్రాంతికి కర్రలే మిగులుతాయి.

అపోహ: వాకిలంతా టైల్స్ వేసేస్తే శుభ్రం.

నున్నటి టైలు మీద డిసెంబరు మంచు పడిందంటే తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వచ్చే ఆడవాళ్ల కాళ్లు జారతాయి. ముగ్గు కూడా దానిమీద నిలవదు. టెక్కలి గ్రానైట్ మన దగ్గరే ఉంది. పాలిష్ చేయని ముక్కలను ఇసుక పరుపు మీద సందులు వదిలి పరిస్తే పట్టు ఉంటుంది, వాన నీరు భూమిలోకి దిగుతుంది. ఇంటి గోడ నుంచి బయటికి పదడుగులకు అంగుళంన్నర వాలు ఉండాలి. కొబ్బరి, మామిడి మొదళ్ల చుట్టూ కనీసం మూడడుగులు మట్టి వదలాలి. సిమెంటు పని చేయిస్తే చల్లగా ఉంది కదా అని క్యూరింగ్ మానొద్దు, వారం రోజులు తడుపుతూనే ఉండాలి.

అపోహ: లాన్ చలికాలంలో వేస్తే బాగా పట్టుకుంటుంది.

ఇక్కడ అమ్మే మెక్సికన్ గ్రాస్, బెర్ముడా రెండూ వేడి కోరుకునే గడ్డులు. ఇప్పుడు వేస్తే అతుకులు కలవడానికి చాలాకాలం పడుతుంది. జూన్, జులై మంచిది. వెయ్యి చదరపు అడుగుల లాన్ వేసవిలో రోజుకు నాలుగైదు వందల లీటర్ల నీళ్లు తాగుతుందని గుర్తుంచుకోండి. బోరు ఎండే ఇంట్లో లాన్ వద్దనే చెబుతాను.

అపోహ: సిట్రొనెల్లా, తులసి కుండీలు పెడితే సాయంత్రం బయట దోమలుండవు.

ఆకు నలిపితేనే ఆ నూనె బయటికొస్తుంది, కుండీలో నిలబడ్డ మొక్క దోమను ఆపదు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం, పది రోజులు చాలు. కుండీల కింద పళ్లాలను వారానికోసారి బోర్లించి తుడవండి. కూర్చునే చోట టేబుల్ ఫ్యాను పెట్టండి, గాలికి దోమ వాలలేదు.

అపోహ: రాలిన ఆకులన్నీ భోగి మంటకే.

మంటలో దుంగలు, పిడకలు వేసుకోండి. ఆకులను పెరటి మూల గుంతలో పేడనీళ్లు చల్లుతూ పేర్చండి, తొలకరికి ఎరువవుతుంది. కొన్నిటిని పాదుల్లో మూడంగుళాల మందాన పరిస్తే మే నెలలో తడి నిలుస్తుంది. మొక్క మొదలుకు మాత్రం ఆనించొద్దు.

అపోహ: మల్లె పాదును చలికాలంలో ముట్టుకుంటే వేసవిలో పూయదు.

ముట్టుకోకపోతేనే సరిగా పూయదు. నవంబరులో నీళ్లు తగ్గించి, డిసెంబరు నెలలో తీగలను మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకును దూసేయాలి. తర్వాత పాదు తవ్వి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, గత్తం వేసి నీళ్లు పెట్టాలి. మార్చి నుంచి పూస్తుంది. ఈ ఏడాది ఇంకా కత్తెర పెట్టనివాళ్లు సంక్రాంతి పనుల్లో పడకముందే పెట్టేయండి.