కాలేజీ ఫీజు, స్కాలర్‌షిప్ గొడవ: 1996లో రాసిన ఒక్క వాక్యం

2025 జూన్ 4న టెక్సస్‌లో ఒక కేసు వేసిన రోజే ముగిసిపోయింది. వేసింది అమెరికా న్యాయశాఖ. ఎదుటి పక్షం టెక్సస్ రాష్ట్రం. రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ కార్యాలయం వాదనకు దిగలేదు, ఒప్పేసుకుంది. ఫెడరల్ జడ్జి రీడ్ ఓకానర్ సంతకం పెట్టారు. దేశంలో ఉండడానికి పత్రాలు లేని విద్యార్థులు కూడా రాష్ట్రవాసులు కట్టే తక్కువ ఫీజుతోనే చదువుకోవచ్చని 24 ఏళ్లుగా ఉన్న చట్టం కొన్ని గంటల్లో ఆగిపోయింది. ఆ చట్టం మీద ఆధారపడి చదువుతున్న పిల్లల తరఫున ఆ రోజు కోర్టులో మాట్లాడినవాళ్లు లేరు. తర్వాత కొందరు విద్యార్థులు కలిసి మమ్మల్నీ కేసులో చేర్చుకోండని అడిగితే అదే జడ్జి కాదన్నారు.

ఆ తర్వాత వరుసగా కెంటకీ, మిన్నెసోటా, ఓక్లహామా, ఇల్లినాయ్, కాలిఫోర్నియాల మీద కేసులు పడ్డాయి. జులైలో విద్యాశాఖ అయిదు యూనివర్సిటీల మీద విచారణ మొదలుపెట్టింది. డాకా (చిన్నప్పుడే వచ్చి హోదా లేకుండా ఉన్నవాళ్లను తాత్కాలికంగా ఉండనిచ్చే ఏర్పాటు) పిల్లలకో, పత్రాలు లేనివాళ్లకో విడిగా స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం అమెరికాలో పుట్టినవాళ్ల పట్ల వివక్ష అవుతుందా అన్నది ఆ విచారణలో ప్రశ్న. అంటే గొడవ ఫీజు దగ్గర ఆగలేదు, దాతలు ఇచ్చే డబ్బు దాకా వచ్చింది. అప్లికేషన్ల సీజన్ వచ్చిన ప్రతిసారీ అమెరికాలోని తెలుగు ఇళ్లల్లోనూ ఇదే టెన్షన్: మా పిల్ల దీనికి అప్లై చేయొచ్చా, చేస్తే ఏమన్నా ఇబ్బందా?

పత్రాలు లేవని బడి చదువు ఏ పిల్లలకూ కాదనకూడదని 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ కేసులో చెప్పింది, ఆ తీర్పు కాలేజీ గడప దగ్గర ఆగిపోయింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. అసలు ముడి అక్కడ లేదు. 1996 సెప్టెంబర్ 30న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన వలస చట్టంలో, సెక్షన్ 505లో ఉంది.

ఆ సెక్షన్‌లో ఉన్నది దాదాపు ఒకే ఒక్క వాక్యం. దేశంలో చట్టబద్ధంగా లేని వ్యక్తికి ‘ఒక రాష్ట్రంలో నివాసం ఆధారంగా’ ఉన్నత చదువులో ఏ ప్రయోజనమూ ఇవ్వకూడదు. ఇస్తే, ఎక్కడ ఉంటున్నారన్నదానితో పని లేకుండా అమెరికా పౌరులందరికీ అదే ప్రయోజనం అంతే మోతాదులో దొరకాలి. దాని సారం ఇదే. ‘నివాసం ఆధారంగా’ అన్న రెండు మాటలు పట్టుకుని దాదాపు 30 ఏళ్లుగా లాయర్లు కొట్టుకుంటున్నారు.

ఆ సెక్షన్ వెనకున్న సెనేటర్ అలన్ సింప్సన్ తన ఉద్దేశం దాచుకోలేదు. పత్రాలు లేనివాళ్లకు ఇకమీదట తక్కువ ఫీజు దొరకదని సెనేట్‌లోనే అన్నారు. నేటి న్యాయశాఖ చదువుతున్నదీ అలాగే: పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా పౌరుడు ఎక్కువ కడుతుంటే, దేశంలో ఉండడానికి అనుమతి లేనివాళ్లు తక్కువ కట్టడమేమిటని. ఈ ప్రశ్న వినగానే న్యాయంగా అనిపిస్తుంది. కానీ చట్టమంటే చివరికి కాగితం మీదున్న మాటలే. తక్కువ ఫీజు ఇవ్వకూడదని సూటిగా రాయాలనుకుంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) రాసి ఉండొచ్చు, రాయలేదు. ‘నివాసం ఆధారంగా’ ఇవ్వకూడదంది. మరి ఇంకో ఆధారంతో ఇస్తే? అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సంక్షేమ చట్టం ఈ సందేహాన్ని ఇంకొంచెం పెంచింది. రాష్ట్రాలు కావాలనుకుంటే కొత్తగా చట్టం చేసుకుని మరీ ఇలాంటి ప్రయోజనాలు ఇవ్వొచ్చని అందులో ఉంది. ఒక చేత్తో మూసి ఇంకో చేత్తో ఓరగా తెరిచిన తలుపు లాంటిది.

2001లో రెండు రాష్ట్రాలు ఆ తలుపులోంచి వెళ్లాయి. ఇద్దరూ ఒకే చోటికి బయల్దేరారు గానీ, రాసుకున్న తీరు వేరు. నేటి పరిస్థితికి కారణం ఆ తేడాయేనని నా అభిప్రాయం.

ముందు టెక్సస్. 2001 జూన్‌లో రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ సంతకం చేశారు. శాసనసభలో రెండు పార్టీలూ కలిసి దాదాపు ఏకగ్రీవంగా ఒప్పుకున్న బిల్లు అది. హైస్కూల్ అక్కడే పూర్తి చేయాలి, దానికి ముందు మూడేళ్లు టెక్సస్‌లో నివాసం ఉండాలి, అర్హత వచ్చిన వెంటనే గ్రీన్‌కార్డుకు అప్లై చేస్తానని ప్రమాణ పత్రం రాసివ్వాలి. అలా చేసినవాళ్లు టెక్సస్ నివాసులే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు కూడా అర్హులే. పదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు సొంత పార్టీవాళ్లే ఇది ఎత్తి చూపి పెర్రీని తప్పుపట్టారు. ఆయన చర్చా వేదిక మీద చట్టాన్ని సమర్థించుకున్నారు, రాజకీయంగా నష్టపోయారు.

కొన్ని నెలలకు కాలిఫోర్నియా ఏబీ 540 అనే చట్టం తెచ్చింది. అక్కడ రాసినవాళ్లు ‘నివాసం’ అన్న మాట జోలికే పోలేదు. కాలిఫోర్నియా హైస్కూల్లో మూడేళ్లు చదివి, పాసై ఉంటే చాలు, బయటి రాష్ట్రాలవాళ్లు కట్టే అదనపు ఫీజు మినహాయింపు. నీ ఇల్లు ఎక్కడ అని కాదు, నీ బడి ఎక్కడ అని అడిగింది. చూడ్డానికి చిన్న తేడా. దాని విలువ 2010లో తెలిసింది.

ఆ మినహాయింపు దక్కని బయటి రాష్ట్రాల విద్యార్థులు కొందరు 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ మీద కేసు వేశారు. మార్టినెజ్ కేసు అంటే అదే. వాళ్ల తరఫు లాయర్లలో క్రిస్ కోబాక్ ఒకరు. కాన్సస్‌లో ఇలాంటి చట్టం మీదే కేసు నడిపిన లాయరూ ఆయనే. అప్పీల్ కోర్టులో వాళ్లు గెలిచారు. 2010 నవంబర్‌లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పు కొట్టేసింది. జస్టిస్ మింగ్ చిన్ రాసిన తీర్పులో లాజిక్ చాలా సాదాగా ఉంటుంది. కాలిఫోర్నియాలో చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన కుటుంబాల పిల్లలకూ ఈ మినహాయింపు వస్తుంది, వాళ్లు కాలిఫోర్నియా నివాసులు కారు. అక్కడే ఉంటూ మూడేళ్లు బడికి వెళ్లని, పత్రాలు లేనివాళ్లకు రాదు, వాళ్లు అక్కడే ఉంటున్నారు. అలాంటప్పుడు ఇది నివాసం ఆధారంగా ఇచ్చినట్టు ఎలా అవుతుంది? మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఏబీ 540 వాడుకున్నవాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులు, చట్టబద్ధంగా ఉన్నవాళ్లే. ‘మన పిల్లల్ని కాదని పరాయివాళ్లకు’ అనే ప్రచారంలో ఈ సంగతి ఎక్కడా వినపడదు.

టెక్సస్ చట్టంలో మాత్రం ‘నివాసం’ అలాగే కూర్చుని ఉంది.

అయితే ఇంతకాలం దాన్ని ఎవరూ ఎందుకు పడగొట్టలేదు? కేసు వేసే హక్కు ఎవరికుంది అన్న చిక్కు వల్ల. కాన్సస్ కేసు 2007లో అప్పీల్ కోర్టులో అక్కడే ఆగిపోయింది. ఎవరికో తక్కువ ఫీజు ఇచ్చినంత మాత్రాన మీకు నష్టమేమిటి, అది తీసేస్తే మీ ఫీజు తగ్గుతుందా అని అడిగితే విద్యార్థుల దగ్గర జవాబు లేదు. సెక్షన్ 505 పట్టుకుని మామూలు మనిషి కోర్టుకెక్కే వీలు లేదని తేలింది. ఇక మిగిలింది ఫెడరల్ ప్రభుత్వం. క్లింటన్, బుష్, ఒబామా, ట్రంప్ మొదటి విడత, బైడెన్ అందరూ వచ్చి వెళ్లారు. ఇంత కాలంలో 20కి పైగా రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. న్యాయశాఖ ఒక్కదాని మీద కూడా ఈ సెక్షన్ కింద కేసు వేయలేదు.

2023 జులైలో ఇంకో మాట పడింది. బయటి రాష్ట్రాల పౌరుల దగ్గర ఎక్కువ ఫీజు వసూలు చేయడం తప్పంటూ ఒక విద్యార్థి సంఘం యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ మీద వేసిన కేసును టెక్సస్ మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, కొట్టేసింది. విద్యార్థుల కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఆ తీర్పులోనే, టెక్సస్ ఏర్పాటును సరిగ్గా సవాలు చేసే దారులు వేరే ఉండొచ్చు, ఈ కేసు మాత్రం అది కాదు అనే అర్థంలో ఒక మాట రాశారు. రెండేళ్లకు న్యాయశాఖ ఆ దారినే వచ్చింది. ఎదురు చెప్పాల్సిన రాష్ట్రమే పక్కకు తప్పుకోవడంతో, మార్టినెజ్‌లో జరిగినట్టు రెండు పక్షాల వాదనా విని మాట మాటకూ అర్థం తేల్చే విచారణ టెక్సస్ చట్టానికి దక్కలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఓడిపోవడం వేరు, వాదన వినకుండానే ఓడించడం వేరు.

ఇందులో మన పిల్లల సంగతేమిటి? చాలామంది తెలుగు తల్లిదండ్రులు ‘మనం లీగల్‌గా ఉన్నాం కదా, ఇది మనకు తగలదు’ అనుకుంటారు. సగమే నిజం. తండ్రి హెచ్-1బీ మీద వచ్చినప్పుడు నాలుగేళ్ల పిల్లగా దిగి, ఇక్కడే పెరిగి, పన్నెండో తరగతిలో ఫాఫ్సా (కాలేజీ చదువుకు ఫెడరల్ సాయం కోసం నింపే ఫారం) తెరిచిన అమ్మాయిని ఊహించుకోండి. పౌరసత్వం గురించిన ప్రశ్న దగ్గర మూడు గళ్లు ఉంటాయి. అమెరికా పౌరులు. అర్హత ఉన్న విదేశీయులు, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, ఇంకొన్ని వర్గాలవాళ్లు. మూడోది: ఈ రెండూ కాదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్ల టిక్కు పెట్టాల్సింది ఆ మూడో గడిలో. అసలు అక్కడి దాకా రావడమే కష్టం, ఎందుకంటే ఆ ఫారం పంపడానికి సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి, హెచ్-4 పిల్లలకు మామూలుగా అది ఉండదు. ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్ల పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం), ఫెడరల్ లోన్, వర్క్ స్టడీ (చదువుతూ చేసే పార్ట్‌టైమ్ పని) అన్నీ అక్కడితో సరి. ప్రైవేటు స్కాలర్‌షిప్‌ల్లోనూ ‘పౌరులు లేదా గ్రీన్‌కార్డుదారులు’ అన్న షరతు తరచూ కనిపిస్తుంది. డాకా కూడా వీళ్లది కాదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్లకే అది. హోదా కాపాడుకుంటూ వచ్చినందువల్లే ఈ పిల్లలకు ఆ దారి మూసుకుంది.

అందుకే వీళ్లకు రాష్ట్రాల నియమాలే దిక్కు. హెచ్-4 మీద ఉన్నంతకాలం టెక్సస్‌లో నివాసిగా తక్కువ ఫీజు కట్టొచ్చు. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారాలి, చాలాచోట్ల అంతర్జాతీయ విద్యార్థి ఫీజు కట్టాలి. ఒక దేశానికి ఏడు శాతమే అన్న కోటా వల్ల భారతీయుల గ్రీన్‌కార్డు క్యూ ఎక్కడికక్కడ నిలిచిపోయింది. పిల్లల వయసు లెక్కలో కొంత ఊరట ఇచ్చే 2002 నాటి చట్టాన్ని 2023 ఫిబ్రవరిలో ఇమిగ్రేషన్ శాఖ ఉదారంగా వర్తింపజేసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆ ఉదారత్వం వెనక్కి తీసుకుంది. టెక్సస్ ఉత్తర్వు ‘చట్టబద్ధంగా లేనివాళ్ల’ గురించే. కానీ ఆ కోవలోకి ఎవరొస్తారో తేల్చే పని కాలేజీల మీద పడింది. వీసా మార్పు అప్లికేషన్ పెండింగులో ఉన్న పిల్లవాడి ఫైలు చూసే గుమాస్తాకు ఈ చట్టాలన్నీ తెలిసి ఉండాలని ఏముంది?

కాలిఫోర్నియా 2011లో ఇంకో అడుగు వేసింది. ఫాఫ్సా నింపలేని పిల్లలకు రాష్ట్రమే వేరే అప్లికేషన్ పెట్టి, ముందు ప్రైవేటు దాతల డబ్బును, ఆ తర్వాత రాష్ట్ర గ్రాంట్లను తెరిచింది. టెక్సస్‌లోనూ ఫాఫ్సా నింపలేనివాళ్ల కోసం టాస్ఫా అనే రాష్ట్ర ఫారం ఉంది. తల్లిదండ్రులకు పత్రాలు లేకపోతే, తమ వివరాలు ఫెడరల్ ఫారంలో రాయడానికి జంకుతారు. అలాంటి ఇళ్లలో పుట్టిన అమెరికా పౌరులు కూడా అర్హత ఉండీ పెల్ గ్రాంట్ వదులుకుంటున్నారు. 2024లో కాలిఫోర్నియా ఆ పౌరులకూ రాష్ట్ర ఫారం తెరవాల్సి వచ్చింది.

మళ్లీ టెక్సస్ ప్రమాణ పత్రం దగ్గరికి వస్తాను. ‘అర్హత వచ్చిన వెంటనే గ్రీన్‌కార్డుకు అప్లై చేస్తాను’ అని 24 ఏళ్లపాటు పద్దెనిమిదేళ్ల పిల్లలు సంతకాలు చేసి కాలేజీలో ఇచ్చారు. ఆ అర్హత ఇవ్వాల్సింది వాళ్లు కాదు, కాంగ్రెస్. టెక్సస్ చట్టం వచ్చిన రెండు నెలలకే, 2001 ఆగస్టులో, సెనేటర్లు డిక్ డర్బిన్, ఓరిన్ హాచ్ డ్రీమ్ యాక్ట్ (ఇలాంటి పిల్లలకు చట్టబద్ధమైన హోదాకు దారి ఇచ్చే బిల్లు) ప్రవేశపెట్టారు. 2010 డిసెంబర్‌లో సెనేట్‌లో 60 ఓట్లు కావాల్సి ఉండగా 55 వచ్చాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు తెచ్చినా గట్టెక్కలేదు. 2025 ఫాల్ సెమిస్టర్‌కు ముందు, ఎవరి ఫీజు మార్చాలో గుర్తించమని టెక్సస్ ఉన్నత విద్యా బోర్డు కాలేజీలకు చెప్పింది. వెతకడానికి కాలేజీల చేతిలో మొదటి ఆధారంగా ఉన్నవి, ఆ పిల్లలు నమ్మి రాసిచ్చిన ఆ ప్రమాణ పత్రాలే.