శరణార్థుల నిర్బంధం, విడుదల: 1940 నాటి బ్రిటన్ గురించి అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధకాలపు నిర్బంధ రికార్డులు చదవడం, వాటి గురించి పాఠాలు చెప్పడం నా పని. ఎక్కడికి వెళ్లినా వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎవరు శరణార్థో, ఎవరు గూఢచారో తెలియకే బ్రిటన్ తన గడ్డమీదున్న శత్రుదేశాల మనుషులందరినీ పట్టుకుంది.

వాస్తవం: తెలిసే పట్టుకుంది. 1939 చివర్లో ట్రిబ్యునళ్లు పెట్టి 70 వేల మందికి పైగా జర్మన్లను, ఆస్ట్రియన్లను విచారించారు. అత్యధికుల్ని ప్రమాదం లేని ‘సి’ తరగతిలో వేశారు. వాళ్లలో ఎక్కువమంది యూదులు. ఆ విచారణ కార్డులు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, పుట్టిన ఊరు, వృత్తి, వాటి కింద ఒక ప్రశ్న: స్వదేశానికి తిరిగి వెళ్లాలనుకుంటున్నారా? హిట్లర్ బారి నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లను అడిగిన మాట అది! చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. 1940 మే, జూన్‌లలో ఫ్రాన్స్ కూలిపోతుంటే, ఆ ‘సి’ తరగతి వాళ్లనే వేల సంఖ్యలో అరెస్టు చేశారు. ఇటాలియన్లతో కలిపి నిర్బంధితులు సుమారు 27 వేలు.

అపోహ: అందర్నీ బ్రిటన్, ఐర్లాండ్‌ల మధ్యనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలోనే ఉంచారు.

వాస్తవం: వేలమందిని కెనడా, ఆస్ట్రేలియాలకు ఓడల్లో పంపేశారు. 1940 జులై 2న కెనడా వెళ్తున్న అరండోరా స్టార్ ఓడ మునిగి 800 మందికి పైగా చనిపోయారు. అయినా ఆగలేదు. ఎనిమిది రోజులకే డునేరా ఓడ ఆస్ట్రేలియాకు బయల్దేరింది.

అపోహ: నిర్దోషులని తేలాక వదిలేశారు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. నిర్దోషులని ముందే తేలింది కదా! 1940 జులైలో ప్రభుత్వం విడుదలకు 18 కారణాలు ప్రకటించింది. జబ్బు, వయసు సరే. మిగతావి ఎక్కువగా దేశానికి అక్కరకొచ్చే పనులు: శాస్త్రవేత్తలు, డాక్టర్లు, వ్యవసాయంలో ఆరితేరినవాళ్లు. నాజీల బాధితుడన్న ఒక్క కారణం ఆ జాబితాలో చాల్లేదు. ఏ నైపుణ్యమూ లేని ఆరోగ్యవంతుడైన యువకుడికి మిగిలింది పయనీర్ కోర్, అంటే సైన్యంలో కూలి పనులు చేసే దళం. దాన్ని పూర్తిగా స్వచ్ఛందం అనడానికి నాకు నోరు రాదు. కెనడాకు పంపిన శాస్త్రవేత్త మాక్స్ పెరూట్జ్ 1941లో తిరిగొచ్చి మళ్లీ పరిశోధనలో పడ్డారు, 1962లో నోబెల్ అందుకున్నారు. అందరికీ ఆ చదువు లేదు.

అపోహ: సైన్యంలో చేరారంటే హిట్లర్‌పై తుపాకీ పట్టినట్టే.

వాస్తవం: చాలామంది చేతికి ముందు వచ్చింది పార. బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలు ఎత్తారు, చెట్లు కొట్టారు. డునేరాలో వెళ్లి ఆస్ట్రేలియా సైన్యంలో చేరినవాళ్లు అక్కడి ఆల్బరీ స్టేషన్లో, రైలు పట్టాల వెడల్పు మారే చోట, ఒక రైల్లోంచి ఇంకో రైల్లోకి సరుకు మోశారు. యుద్ధ దళాల తలుపులు విస్తృతంగా తెరుచుకున్నది 1943 నాటికే. జర్మన్లకు దొరికితే ద్రోహులుగా చంపుతారని చాలామంది ఇంగ్లిష్ పేర్లు పెట్టుకున్నారు. బ్రిటన్ యూనిఫాం తొడిగినా, వాళ్లలో చాలామందికి పౌరసత్వం యుద్ధం ముగిశాకే వచ్చింది.